మాఘ బహుళ ఏకాదశి

ఊరవతల పాలెం నుంచి వచ్చి పెదమిట్ట బళ్ళో చదువుకున్న పిల్లలందరూ ఒకే తేదీన పుట్టారు. జూలై ఒకటి. సంవత్సరాలు అటూ ఇటూ కావచ్చుగాని తేదీ మాత్రం మారదు. పాలెంలో ఆడవాళ్ళంతా కూడబలుక్కుని కన్నారని కాదు. బడి రిజిస్టరులో పద్మనాభయ్య అయ్యవారు అట్లా రాసుకుంటూ పోయారు, అంతే. ముప్ఫై ఏళ్ళపాటు దానివల్ల ఎవరికీ ఏ చిక్కూ రాలేదు. వచ్చిందల్లా కరుణాకుమారికే.

పంతొమ్మిది వందల అరవై రెండు, జూన్ అయిదో తేదీ, మంగళవారం. విడవలూరు నుంచి వచ్చిన పోస్టుమాను ఇసకలో సైకిలు తోసుకుంటూ పాలెందాకా వచ్చి పొడుగాటి కవరు ఇచ్చిపోయాడు. కరుణ నెల్లూరులో ఆడపిల్లల హైస్కూలు టీచరు. వేసవి సెలవులకని ఇంటికొచ్చి ఉంది. తండ్రి కృష్ణపట్నంలో కాపలా పనిలో ఉంటాడు, ఇంట్లో తల్లి ఒక్కతే. సెప్టెంబరులో ఇంగ్లండు ప్రయాణం. చెవిటి పిల్లలకు చదువు చెప్పే పద్ధతి మీద అక్కడి విశ్వవిద్యాలయంలో ఏడాది కోర్సు, ఉపకారవేతనంతో సహా దొరికింది. గుడిసె మూలన కొత్త ట్రంకుపెట్టె ఉంది. అందులో ఉన్ని కోటు కూడా ఉంది. దాన్ని కుట్టిన నెల్లూరు దర్జీ జన్మలో అట్లాంటిది కుట్టిన పాపాన పోలేదు. రెండు చేతులూ రెండు పొడుగులు. అయినా కరుణ రోజుకొకసారి దాన్ని తీసి చూసుకుంటూనే ఉంది.

ఎలిశబెతు గుడిసె ముందు కూర్చుని తాటాకు చీలుస్తోంది. ఆకు మొదలు కాలి బొటనవేలి కింద తొక్కిపట్టి, కత్తిమొనతో ఈనె లేపి, ఒక్క లాగులో చివరిదాకా తీసేస్తుంది. కూతురు కవరు చించిన చప్పుడుకు తల ఎత్తింది.

"ఏంది మే, మొహం అట్టా అయిపోయింది?"

కరుణ ఉత్తరం రెండోసారి చదువుకుని తెలుగులో చెప్పింది. బడి సర్టిఫికెట్టులో పుట్టినతేదీ 1932 జూలై ఒకటి. ఈ జూలై ఒకటికి ముప్ఫై నిండినవాళ్ళకు ఆ కోర్సు లేదు. ఆమెకు సరిగ్గా ఆ రోజే నిండుతున్నాయి. తేదీ తప్పయితే, పుట్టిన కాలంలో రాసిన కాగితం ఏదైనా మేజిస్ట్రేటు ముందు పెట్టి, ఆయన ధ్రువపత్రం ఈ నెల పదిహేనులోగా చేర్చాలి. లేకపోతే వరుసలో తరవాతివాళ్ళకు ఇచ్చేస్తారు.

"ముప్పై ఏండ్లా?" ఎలిశబెతు కత్తి పక్కన పెట్టింది. "కన్నదాన్ని నేను. నీకు ఇరవై ఎనిమిది. మాఘమాసం నూర్పిళ్ళలో పుట్టినావు. వాళ్ళెవరు చెప్పేదానికి?"

"వాళ్ళు కాదమ్మా, మన అయ్యవారే చెప్పింది."

ఆ కోర్సు ఎందుకంటే కరుణ దగ్గర ఒకటే జవాబు ఉంది, దాన్ని ఆమె ఎవరికీ చెప్పదు. నెల్లూరులో ఆమె పాఠం చెప్పే ఆరో తరగతిలో ప్రేమలీల అనే పిల్ల వెనకబల్ల మీద కూర్చునేది. మొద్దని పేరు. ఆ పిల్లకు చెవులు వినపడవని, పెదవులు చూసి సగం, ఊహించి సగం నెట్టుకొస్తోందని తెలిసేలోపు మూడేళ్ళు గడిచాయి. ఆ మూడేళ్ళూ ఆ పిల్లను కొట్టిన చేతుల్లో కరుణ చెయ్యి కూడా ఉంది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఆమెకు అన్నం దిగదు.

పద్మనాభయ్య అయ్యవారు పనిలోంచి దిగి అయిదేళ్ళయింది. పంచె పైకి చెక్కుకుని పెరట్లో దోసపాదుకు నీళ్ళు పోస్తున్నాడు. కరుణ చెప్పిందంతా విని, చెంబు కిందపెట్టి, తడిచేతులు అట్లాగే గాలికి వదిలేసి నిలబడ్డాడు.

"మీ అమ్మ కలుపుకు పొయ్యేది. నిన్ను తెచ్చి బడి వసారాలో దించిపెట్టేది. ముప్పై ఏడు జూలైలో. నీకు మూడున్నర గూడా ఉండవు. గోడ పట్టుకోని నిలబడి, పెద్దపిల్లలు చెప్పే ఎక్కాలన్నీ అప్పజెప్పేదానివి. పేరు రాయాలంటే అయిదు నిండాల. నిండినట్టు రాసినా."

"మంచికే రాసినారు."

"మంచికే." ఆ మాట ఆయనకు రుచించలేదు. "పెద్దిళ్ళ పిల్లలకు జాతకం తెప్పించి, చూసి రాసేవాణ్ణి. మీ పాలెంలో జాతకాలు లేవు గదా అని ఎవర్నీ అడిగిందే లేదు. మీ అమ్మను అడిగుంటే చెప్పుండును. నోరుంది గదా ఆమెకు. అడగాలని తోచలా నాకు."

కరుణకు ఒక్కసారిగా ఒళ్ళు మండింది. చదువు పెట్టిన మనిషి మీద మండడం ఏమిటని మళ్ళీ తానే సర్దుకుంది.

"ఆ మాట మేజిస్ట్రేటు ముందర చెప్తారా అయ్యవారూ?"

"చెప్తా. పింఛను ఆపినా ఆపనీ. కానీ అమ్మాయ్, నాది నోటిమాట. వాళ్ళు అడిగేది కాయితం. పాలెంలో పుట్టుక ఊరి రిజిస్టరులో ఎక్కించిన దేవుడెవరు?"

శుక్రవారం కోవూరు మేజిస్ట్రేటు ముందు పెట్టేందుకు అర్జీ ఆయనే రాసిచ్చాడు.

మరునాడు పొద్దున గంజి తాగుతూ ఎలిశబెతు ఉన్నట్టుండి చేతిలో ముంత ఆపింది.

"కాయితం ఉండాది మే. మనది కాదు. చెంచులక్ష్మమ్మది."

చెంచులక్ష్మి ఊళ్ళో పెద్దరైతు వెంకటశేషమ్మ కూతురు. గూడూరులో నిమ్మతోటలున్నవాళ్ళింటికి ఇచ్చారు. ఊరగాయల కాలమని పది రోజులుగా పుట్టింట్లోనే ఉంది.

"ఆ యమ్మా నువ్వూ ఒకటే పొద్దు పుట్టినారు. నేను వాళ్ళ కళ్ళంలో వడ్లు తూర్పారపడతా ఉంటే నొప్పులొచ్చినాయి. మన పాలెం దాకా నడవలేక వాళ్ళ పశువుల కొట్టంలోనే పడినా. ఇంట్లో ఆమెకూ అప్పుడే. మనకు జాతకం లేకపోతే యేం? ఆ యమ్మకు ఉండాది గదా. వెంకటశేషమ్మ వచ్చి, ఇద్దరూ ఒక్కనాడే అని ఒక్కమాట చెప్పిందంటే సరిపోలా?"

కరుణకు ప్రాణం లేచొచ్చింది. తల్లీకూతుళ్ళు బట్టలు మార్చుకుని అప్పటికప్పుడే బయల్దేరారు.

వెంకటశేషమ్మ పెరటి పంచలో మామిడికాయలు కొడుతోంది. భర్త పోయిన దగ్గర్నించీ ముప్ఫై ఎకరాలూ ఒంటిచేత్తో చేయిస్తున్న మనిషి. ఊరగాయ పని మాత్రం ఇంకొకరి చేతికివ్వదు. కాయ పీటమీద నిలబెట్టడం, కత్తి ఒక్క దెబ్బ, టెంకతో సహా రెండు చెక్కలు. కూతురు పక్కనే కూర్చుని జీడి తీసి, ముక్కలు గుడ్డతో తుడిచి చాటలో ఆరబెడుతోంది.

"ఏం ఎలిశబెతూ, దొరసాని ఎప్పుడు ఎక్కేది ఓడ?" అంది వెంకటశేషమ్మ నవ్వుతూ.

ఎలిశబెతు మెట్లకింద నిలబడి, శుక్రవారం కోవూరు వెళ్ళే సంగతితో సహా అంతా చెప్పింది. జాతకం మాట వచ్చేసరికి కత్తి గాల్లోనే ఒక్క క్షణం ఆగి, తరవాత పడింది. కాయ సమంగా తెగలేదు. అది కరుణ చూసింది.

వెంకటశేషమ్మ చేతులు కడుక్కుని లోపలికి పోయి పసుపు రాసిన కాగితం చుట్ట తెచ్చింది. కరుణ చేతికి ఇవ్వలేదు, తానే విప్పి చూపించింది.

"చదువుకున్నదానివి గదా, చూసుకో. ప్రజోత్పత్తి నామ సంవత్సరం, ఫాల్గుణం. అంటే ముప్పై రెండు మార్చి. మీ అమ్మ చెప్పినట్టు మీరిద్దరూ ఒకే పొద్దు పుట్టుంటే, నీకు ముప్పై ఎప్పుడో నిండిపోయినాయి. వచ్చి ఆ మాట చెప్పమంటావా?"

కరుణ చదివింది, మళ్ళీ చదివింది. స్పష్టంగానే ఉంది. చెంచులక్ష్మి గుడ్డ పట్టుకుని తల్లి ముఖం కేసీ, ఎలిశబెతు ముఖం కేసీ మార్చి మార్చి చూసింది.

"అమ్మగారూ..." అంది ఎలిశబెతు.

"వయసు మీరినాక మతి తప్పుతాది ఎలిశబెతూ, తప్పులేదు. పోండి. కాయలు వాడిపోతాయి."

ఊరు దాటి సరుగుడు తోపులోకి వచ్చాక ఎలిశబెతు ఆగింది. అక్కడ ఇసకలో చతికిలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అది పెండ్లికి రాయించిన జాతకం మే. అసలుది వేరే ఉండాది. ఆ యమ్మ పుట్టింది మూలా నక్షత్రంలో. మంత్రసాని అంకాలమ్మ నాతో చెప్పింది, నోరు జారి. మూలలో పుట్టిన పిల్ల మామను మింగుతాదంటారు గదా వాళ్ళు. ఎవరు చేసుకుంటారు? పెండ్లి నాటికి పదమూడే. పధ్నాలుగు నిండాలని చట్టం ఒకటి. ఆ యమ్మ నాయన పురోహితుణ్ణి పట్టి, నక్షత్రమూ మార్పించినాడు, వయసూ పెంచినాడు. ఒక్క దెబ్బకు రెండూ అయిపోయినాయి."

"ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదా నువ్వు?"

"చెప్తే ఆ పిల్ల గతేంది? పెండ్లయిన నాలుగో ఏడు మామ పోనే పోయినాడు."

అప్పుడర్థమైంది కరుణకు. ఆ అసలు కాగితం బయటపడితే గూడూరులో చెంచులక్ష్మిని ఏమంటారో ఊహించడానికి ఇంగ్లండు చదువు అక్కర్లేదు. పడకపోతే తన పని అంతే. మధ్యలో ఇంకో దారి ఉందేమోనని ఆ తోపంతా, దాని అవతల సముద్రమంతా చూసింది. సముద్రం ఎప్పటిలాగే హోరుపెడుతోంది, దానికి ఎవరి పుట్టినరోజూ పట్టదు. ఇంటికెళ్ళి ట్రంకుపెట్టె మూత వేసి, దానిమీద కూర్చుండిపోయింది.

గురువారం కరుణ చెలమ దగ్గర నీళ్ళు తోడుకుని వచ్చేసరికి ఎలిశబెతు గుడిసెలో లేదు. తాటాకు సగం చీల్చి ఉంది, కత్తి అక్కడే పడి ఉంది. పనిముట్టు అట్లా వదిలేసే మనిషి కాదు. కరుణ కుండ దించీ దించకముందే పరుగెత్తింది.

వెంకటశేషమ్మ పెరట్లోంచి తల్లి గొంతు వీధిదాకా వినబడుతోంది.

"బస్సెక్కి గూడూరు పోతా. మీ వియ్యపురాలి ముందర నిలబడి చెప్తా. మూల అని చెప్తా. నా బిడ్డకు దారి మూస్తే మీ బిడ్డకూ మూస్తా!"

వెంకటశేషమ్మ రెండు చేతులూ మోచేతులదాకా ఆవపిండీ కారమూ. ఆ చేతులతోనే లేచి నిలబడింది. ముఖం పాలిపోయింది.

"పో. పొయ్యి చెప్పు. నా బిడ్డ నెత్తిన మన్ను పోసి రా. నీ నోరు కుదుటపడతాది."

"ఇరవై ఎనిమిదేండ్లు మూసుకున్నా ఈ నోరు! మీ బిడ్డ బాగుండాలనే మూసుకున్నా. ఇప్పుడు ఒక్కమాట అడిగితే మతి తప్పిందంటారా నన్ను?"

"అమ్మా, రా!" కరుణ తల్లి రెక్క పట్టి లాగింది. ఎలిశబెతు విదిలించుకుంటే మళ్ళీ పట్టుకుంది. జనం గుమిగూడకముందే ఆమెను సందులోకి తెచ్చేసరికి కరుణ చెమటలో మునిగింది. అక్కడ తల్లి గోడకు ఆనుకుని ఏడవడం మొదలుపెట్టింది. పోయి చెప్పే మనిషి కాదని ఇద్దరికీ తెలుసు. బెదిరించానన్న సిగ్గు ఒకటి, పని కాలేదన్న ఏడుపు ఒకటి.

"కరుణా."

పెరటి తలుపు దగ్గర చెంచులక్ష్మి. చేతిలో జాడీ తుడిచే గుడ్డ అట్లాగే ఉంది. చిన్నప్పుడు ఇద్దరూ అదే పెరట్లో ఆడుకున్నారు, గడపకు ఆమె అటూ ఈమె ఇటూ.

"మీ అమ్మ మూల అనింది. నేను విన్నా. ఎవరిది మూల?"

కరుణ నోరు తెరిచింది. ఒక్కమాట చాలు. చెప్పడానికి తనకు హక్కుంది కూడా. తన పుట్టుక ఆ కాగితంలోనే దాక్కుని ఉంది. ప్రేమలీల ముఖం కళ్ళముందు కదిలింది. చెంచులక్ష్మి మెట్టెలు, పసుపుపాదాలు కూడా కళ్ళముందే ఉన్నాయి. రేపు వాటిని వీధిలో నిలబెట్టేది తానే అవుతుంది.

"నాకు తెలీదు చెంచులక్ష్మమ్మా."

"అబద్ధం."

"మీ అమ్మనడగండి."

తల్లిని నడిపించుకుంటూ వెనక్కి చూడకుండా పోయింది. మంచిపని చేశాననే తృప్తి ఇసుమంతైనా కలగలేదు. చేతకానిదాన్నని దారిపొడుగునా తననే తిట్టుకుంది.

శుక్రవారం పొద్దున అయ్యవారూ, తల్లీకూతుళ్ళూ విడవలూరులో బస్సెక్కి కోవూరు చేరారు. సబ్ మేజిస్ట్రేటు నడివయసు మనిషి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని వినడం అలవాటు. అయ్యవారు ప్రమాణం చేసి, మూడున్నరేళ్ళ పిల్లను అయిదని తానే రాశానని, ఎవరూ అడగలేదని, తానూ ఎవరినీ అడగలేదని చెప్పాడు. చెబుతున్నంతసేపూ కండువా కొస మెలిపెడుతూనే ఉన్నాడు. ఎలిశబెతు బైబిలు మీద చెయ్యి పెట్టి మాఘమాసం, నూర్పిళ్ళు, కొట్టం అన్నీ చెప్పింది.

మేజిస్ట్రేటు ఉత్తరం ఇంకోసారి చదివాడు.

"మాస్టారూ, మీరు చెప్పింది నేను నమ్ముతున్నాను. ఆమె చెప్పిందీ నమ్ముతున్నాను. కాని వీళ్ళు అడిగింది పుట్టినప్పుడు రాసిన పత్రం. ఒక్క చీటీ అయినా లేకుండా నేనేమని సంతకం పెట్టను?"

"లేదండీ" అంది కరుణ. ఆ మాట అనడానికే ఇంత దూరం వచ్చినట్టయింది. కుర్చీ వీపు పట్టుకుంది.

బయట ఎడ్ల మువ్వలు వినబడ్డాయి. గూడుబండి వచ్చి వేపచెట్టు కింద ఆగింది. ముందు చెంచులక్ష్మి దిగింది. వెనకనే, బండివాడి భుజం ఊతగా, వెంకటశేషమ్మ. ఆపలేక వెంట వచ్చిన మనిషని చూడగానే తెలిసిపోతోంది. కళ్ళు రెండూ వాచి ఉన్నాయి. చెంచులక్ష్మి తిన్నగా లోపలికి వచ్చి, బొడ్లోంచి ఒక చుట్ట తీసి బల్లమీద పెట్టింది. ఇది పాతది, అంచులు పురుగు కొట్టింది.

"నా పేరు చెంచులక్ష్మి. ఇది నా జాతకం. కరుణా నేనూ ఒక్కనాడు పుట్టినాము."

"వద్దు చెంచులక్ష్మమ్మా" అంది కరుణ గొణుగుతున్నట్టు. అంతకంటె గట్టిగా ఆమె అనలేకపోయింది. అనాలనీ లేదు.

మేజిస్ట్రేటు కళ్ళజోడు ముక్కుమీదికి దించాడు. "శ్రీముఖ నామ సంవత్సరం... మాఘ బహుళ ఏకాదశి, శనివారం..." అక్కడ ఆగాడు. తరవాతి మాట చూసి, ఆమె మెడలో తాళి వైపు చూసి, గొంతు తగ్గించాడు. ఆ మాటకు అర్థం ఆయనకూ తెలుసు.

"గట్టిగానే చదవండి సార్. మూలా నక్షత్రం. నేనూ నిన్ననే చదివినా."

గుమాస్తా రాస్తున్న కలం ఆపి తలెత్తాడు. మేజిస్ట్రేటు అతన్ని రాయమన్నాడు. పంచాంగం తెప్పించి లెక్క కట్టించాడు. 1934 ఫిబ్రవరి పది.

"అమ్మా, ఇది నీ పుట్టుకకు ఆధారం. ఈమెకు ఎట్లా అవుతుంది? ఇద్దరూ ఒకే రోజు పుట్టారని చెప్పగలిగినవాళ్ళు కావాలి. ఈమె తల్లి కాకుండా."

అందరూ గుమ్మం వైపు చూశారు. వెంకటశేషమ్మ లోపలికి రాలేదు, బయటికీ పోలేదు. తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. ఆమె తెలియదంటే అయిపోయినట్టే. జాతకం బయటపడి కూతురి పరువు పోతుంది, ఎలిశబెతు కూతురికి దమ్మిడీ లాభం ఉండదు. ఆ సంగతి ఆమెకు అందరికంటె ముందే తెలిసినట్టుంది. ఎలిశబెతు కేసి చూసింది. ఎలిశబెతు తల దించుకుంది.

"పెద్దమ్మగారూ, మీకు తెలుసా?"

బంట్రోతు ప్రమాణం చదివించబోతే వెంకటశేషమ్మ చెయ్యి అడ్డం పెట్టి, తనంతట తానే మొదలుపెట్టింది.

"ఇద్దరూ ఒక్క పొద్దే పుట్టినారు. ఎలిశబెతు మా కొట్టంలో. నేను ఇంట్లో ఉండా. నా బిడ్డ బయటపడింది గాని ఏడవలా. నీలంగా ఉండె. అంకాలమ్మ కాళ్ళు పట్టుకోని తలకిందులు చేసి వీపు తడతా ఉండె. ఉలుకూ పలుకూ లేదు. నా పని అయిపోయిందనుకున్నా. అప్పుడు ఏడుపు వినపడింది. నా బిడ్డే ఏడ్చిందనుకున్నా. నవ్వినా గూడా." ఎలిశబెతు వైపు చెయ్యి చూపింది. "అది వాళ్ళ బిడ్డ ఏడుపు, కిటికీలోంచి వచ్చింది. అంకాలమ్మ చెప్పలా నాకు, చెప్తే నేను పోతానని. గడియకు మాదీ ఏడ్చింది. ఆ గడియసేపూ నేను బతికింది ఆ ఏడుపుతోనే."

ఎలిశబెతు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ సంగతి ఆమెకూ తెలియదు.

"ప్రమాణం చేస్తా. యాడ వేలిముద్ర?" అంది వెంకటశేషమ్మ.

మధ్యాహ్నం రెండుకు ధ్రువపత్రం చేతికి వచ్చింది. కరుణ పోస్టాఫీసుకు పోయి రిజిస్టరు చేయించి, రసీదు మడిచి జాకెట్లో పెట్టుకుంది. ఎగిరి గంతెయ్యవలసిన సమయం. ఆమె మాత్రం అడుగులు లెక్కపెట్టుకుంటున్నట్టు నెమ్మదిగా నడిచింది. తిరిగి వచ్చేసరికి బండివాడు ఎడ్లకు నీళ్ళు పెడుతున్నాడు. తల్లులిద్దరూ మెట్లమీద కూర్చున్నారు. ఒకరి పక్కన ఒకరు కాదు, పై మెట్టున ఒకరు, కింది మెట్టున ఒకరు. అయ్యవారు దూరంగా నిలబడి ఎటో చూస్తున్నాడు. చెంచులక్ష్మి బండి చక్రానికి ఆనుకుని జాతకం చుట్టుకుంటోంది.

"రేపు గూడూరు పోతా" అంది. "అత్త చేతికి ఇస్తా దీన్ని. ఎవరో చెప్పినాక ఇచ్చేకంటె నేను ఇచ్చేదే మేలు."

"ఏమంటారో?"

"ఏమో. మామ ఆర్నెల్లు మంచాన ఉంటే ఎత్తిందీ దించిందీ నేనే. మా కోడలి జాతకబలం వల్లనే ఇన్నాళ్ళు బతికినాడని ఊరంతా చెప్పుకుంది ఆమె. ఇప్పుడు అదే నోటితో ఏమంటాదో చూడాల." నవ్వబోయింది. నవ్వు నిలబడలేదు. "భయంగానే ఉండాది కరుణా. రాత్రంతా అమ్మను తిట్టినా. పొద్దున బండి కట్టించేటప్పుడు గూడా కాళ్ళు రాలా."

"ఎందుకు వచ్చినారు మరి?"

"నువ్వు నిన్న చెప్పుంటే వచ్చేదాన్ని కాదు. అబద్ధం చెప్పిపోయినావే, అందుకు."

కరుణకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆపుకోలేదు. ముక్కు చీది, కొంగుతో తుడుచుకుని, ఇక ఆలోచించకుండా అనేసింది.

"నేనూ వస్తా గూడూరికి."

"నువ్వెందుకు?"

"నేనూ మూలే గదా. అదే ఏకాదశి, అదే పొద్దు. ఒక్క గడియ తేడా. నాకు కాయితం లేదు గాబట్టి నన్నెవరూ ఏమీ అన్లేదు, అంతే. మీ అత్తకు నన్ను చూపించండి."

చెంచులక్ష్మి తేరిపార చూసింది. "నీకు పెండ్లే కాలేదు. మామ యాడుండాడు చచ్చేదానికి?"

"మా నాయన ఉండాడు గదా. మూల తండ్రికీ దోషమే అంటారు. కృష్ణపట్నంలో ఉప్పు కొఠారు కాపలా కాస్తా రాయి మాదిరి ఉండాడు. కావాలంటే ఆయన్నీ పిలిపిస్తా."

ఈసారి చెంచులక్ష్మికి నవ్వు వచ్చేసింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. తరవాత ముఖం గంభీరమైంది.

"మా అత్త నిన్ను గడప తొక్కనీదు. మాట పడాల్సొస్తాది."

"గడప బయటే నిలబడతా. వినపడేట్టు చెప్పడమే గదా నా పని."

పై మెట్టు మీదనుంచి వెంకటశేషమ్మ అంతా వింటోంది. వద్దనలేదు. చెంచులక్ష్మి చుట్టకు దారం బిగించి ముడి వేసి, బండి ఎక్కబోతూ ఆగింది.

"నెల్లూరులో ఎనిమిదిన్నరకు రైలు. విడవలూరులో ఆరు గంటల బస్సుకు రావాల. ఆలస్యం చెయ్యబాకు."

"చెయ్యను" అంది కరుణ.